రాయవేలూరు దారిలో

మా అవ్వ వేలూరుని ఏనాడూ వట్టి వేలూరు అనలేదు. ‘రాయేలూరు’ అనేది. రాయేలూరు ఆసుపత్రి, రాయేలూరు కోట, రాయేలూరు ముళ్ళ వంకాయ. చిన్నప్పుడు నేను దానికి నా లెక్కలో ఒక అర్థం చెప్పుకున్నాను. ఆ ఊరి చుట్టూ కొండలన్నీ బోడిరాళ్ళే, మధ్యలో కోట నల్లరాయి, మే నెలలో కాలు పెడితే నేలంతా పెనం. రాళ్ళ ఊరు కాబట్టి రాయివేలూరు అయివుంటుందనుకున్నాను. బడిలో తమిళ వాచకంలో వట్టి వేలూరే ఉండేది. అవ్వ మాట పల్లెటూరి మాట అనుకుని వదిలేశాను. అది రాయి కాదు, రాయలు అని నాకు తెలిసేసరికి ముప్పయ్యేళ్ళు దాటాయి. అప్పటికి అవ్వ లేదు.

ఈ సంగతి మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా మేనల్లుడు. ఫ్రాన్సులో తూర్ అనే ఊళ్ళో ఉద్యోగం. సంక్రాంతికి గుడియాత్తం వచ్చాడు. నా ఉద్యోగమూ ఇప్పుడు ఆ ఊళ్ళోనే. రిటైరుమెంటుకు రెండేళ్ళ ముందు బ్యాంకువాళ్ళు సొంత ఊరి దాపుకు తెచ్చి వేశారు. పండగ మర్నాడు అరుగు మీద కూర్చోబెట్టి, ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటిగా జరిపి చూపించాడు. ల్వార్ నది, ఆ నది ఒడ్డు రాజుల కోటలు, ద్రాక్షతోటలు. ల్వార్ ఫ్రాన్సులో అన్నిటికన్నా పొడుగాటి నది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. దాని నడిమి లోయను 2000 సంవత్సరంలో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. షాంబోర్ కోటను ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్స్వా 1519లో మొదలుపెట్టించాడు. ఆ ఏడే అంబువాజ్‌లో, ఆ రాజు ఆదరణలోనే, లియొనార్డో డావించీ కన్నుమూశాడు. అంటే మన కృష్ణదేవరాయలు ఇక్కడ ఏలుతున్న రోజులే.

వాడు చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది రాయి సంగతి. అక్కడి కొండ మెత్తటి సున్నపురాయి. కోటలకనీ ఇళ్ళకనీ ఆ రాయి కోసుకుపోగా కొండలో గుహలు మిగిలాయి. ఆ గుహల్లో ఎండాకాలమైనా చలికాలమైనా ఒకటే చల్లదనం. వూవ్రే ఊరివాళ్ళు అందులోనే ద్రాక్షసారా సీసాలు పేర్చి ఏళ్ళ తరబడి దాచుకుంటారట. కొండ బయటికి వచ్చి కోట అయింది, కొండలో మిగిలిన బొక్క సారా కొట్టు అయింది. కామర్సు చదివినవాణ్ణి కదా, ఒక్క పెట్టుబడికి రెండు రాబడులు అనుకున్నాను.

“మన పక్క ఏముండాది మామా, ఎండిపోయిన ఏరు, తోళ్ళ కంపు తప్ప” అన్నాడు, ఫోను జేబులో పెట్టుకుంటూ.

నాకు కోపం రాలేదు గాని, మనసులో ఏదో కలుక్కుమంది. “రేపు నాకు సెలవు. పొద్దున్నే లేచి రా. నీ ల్వార్‌లాంటిది ఒకటి చూపిస్తాను” అన్నాను.

మన పాలారు 348 కిలోమీటర్ల నది. కోలారు జిల్లా కొండల్లో పుట్టి కర్ణాటకలో 93, కుప్పం పక్కగా ఆంధ్రలో 33, మిగిలిన 222 తమిళనాడులో నడిచి వాయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు, నీళ్ళు మాత్రం ఎవరికీ చాలవు. 1892లోనే మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఈ నీళ్ళ గురించి ఒప్పందం రాసుకున్నాయంటే తగవు ఎంత పాతదో చూడండి. గుడియాత్తం పాలారు ఒడ్డున లేదు, దాని ఉపనది కౌండిన్య ఒడ్డున ఉంది. ఆ ఏరు పలమనేరు అడవుల నుంచి దిగి మోర్ధానా ఆనకట్ట దాటి వస్తుంది. ఊళ్ళో మగ్గాల మీద లుంగీలు నేసేవాళ్ళు, అగ్గిపెట్టెలు చేసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు. వైశాఖంలో గంగమ్మ సిరసు పండగ వస్తే చిత్తూరు వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. అమ్మవారి తలను ఊరంతా మోసుకొచ్చి మొండేనికి చేర్చే ఉత్సవం అది. జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరికిన కథే దానికి మూలం. మా కౌంటరు దగ్గర ఇప్పటికీ సగంమంది తమిళంలో అడిగి, పక్కనున్న భార్యతో తెలుగులో సంప్రదించి, మళ్ళీ తమిళంలో జవాబు చెబుతారు. 1911 దాకా చిత్తూరు, తిరుపతి అన్నీ ఉత్తరార్కాటు జిల్లాలోవే. ఆ ఏడు చిత్తూరు జిల్లాను వేరుచేశారు. గీత గీసింది కాగితం మీద. వియ్యాలవారు గీతకు అటూ ఇటూ అట్లే ఉండిపోయారు.

ఈ లోయలో ఇన్ని కోటలు ఎందుకొచ్చాయో తెలియాలంటే దారి చూడాలి. పైన మైసూరు పీఠభూమి, కింద ఆర్కాటు మైదానం. పైనుంచి దిగే సైన్యానికైనా, వర్తకుల ఎద్దులకైనా కొండల నడుమ పాలారు పక్కదారే సులువు. కాబట్టి ఆ దారి ఎవరి చేతిలో ఉంటే కింది దేశం వాళ్ళది. పడమట ఆంబూరు కొండ మీద ఒక దుర్గం. ఆ కొండ కిందే 1749 ఆగస్టు 3న ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ఫ్రెంచివాళ్ళ తోడుతో వచ్చిన శత్రువుల చేతిలో చచ్చిపోయాడు. తూర్పున ఆర్కాటు కోట. 1751లో క్లైవు అక్కడ ముట్టడి తట్టుకుని పేరు తెచ్చుకున్నాడు. దక్షిణాన ఆరణి. వీటన్నిటి నడుమ వేలూరు. ల్వార్ కోటలు రాజులు వేటకూ విందులకూ కట్టించుకున్నవి, చాలామట్టుకు. మనవి కాపలా కోటలు. కిటికీల కన్నా తుపాకి కంతలే ఎక్కువ.

పొద్దున్నే మేనల్లుడి అద్దె కారులో బయలుదేరి పళ్ళికొండ దారి పట్టాం. దారిలో ఒక చెరువు కట్ట దగ్గర టీ కోసం ఆగాం. కట్ట పొడుగునా తాటిచెట్లు, ఇవతల ఈతచెట్లు. అంగట్లో బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చేతులూ ఛాతీ చూస్తేనే చెట్టెక్కిన మనిషని తెలుస్తుంది. మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. ఈడిగవాళ్ళట. “చెట్టు అట్లనే ఉండాది సామీ, నేనే దిగొచ్చేసినాను” అన్నాడు. తమిళనాడులో 1987 నుంచి కల్లు అమ్మకం నిషేధం. సరిహద్దు దాటి పలమనేరు వైపు పోతే కల్లు దొరుకుతుంది. ఆయనకు దిగువన ఉన్న చెట్టు మీద హక్కు లేదు, ఎగువన ఉన్న చెట్టు ఎక్కే వయసు లేదు.

“ఇదిగోరా మన ద్రాక్షతోట” అన్నాను మేనల్లుడితో, తాటిచెట్లు చూపించి. వాడు నవ్వాడు. నేను నవ్వులాటకు అనలేదు. ఆలోచిస్తే ద్రాక్షసారాకూ కల్లుకూ ఉన్న తేడాయే ఈ రెండు లోయల తేడా. ద్రాక్షసారా దాచేకొద్దీ ధర పెరుగుతుంది. దానికి కొట్టు కావాలి, లెక్క కావాలి, ఏ ఏటి పంటో రాసిపెట్టుకోవాలి, తాత పేరుతో మనవడు అమ్ముకోవచ్చు. కల్లు అలా కాదు. రాత్రంతా ముంతలోకి ఊరిన నీరు తెల్లవారేసరికి తియ్యగా ఉంటుంది. ముంతకు లోపల సున్నం పూస్తే ఆ తియ్యదనం కాసేపు నిలుస్తుంది. లేకపోతే ఎండెక్కేకొద్దీ పొంగి పులుస్తుంది, సాయంత్రానికి ముదురుతుంది, మర్నాటికి పనికిరాదు. దాచలేని సరుకు మీద పన్ను ఎట్లా వేస్తారు? అందుకే తెల్లదొరల ప్రభుత్వం కల్లు మీద కాకుండా చెట్టు మీద పన్ను వేసింది. గీసే చెట్టుకు గుర్తు వేసి ఇంతని వసూలు. అంగళ్ళను వేలం వేసింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ వ్యవహారానికంతా ఆధారం. గీసినవాడి పేరు ఏ సీసా మీదా లేదు. చెట్టు నంబరు మాత్రం సర్కారు పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకంలోని మొత్తం చిన్నదేం కాదు. ఉమ్మడి మద్రాసు ప్రభుత్వ రాబడిలో ఇంచుమించు నాలుగో వంతు కల్లు, సారాల నుంచే వచ్చేది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చి, తన సొంత జిల్లా సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1938లో చిత్తూరు, కడప జిల్లాలు చేరాయి. 1939 అక్టోబరు 1న మన ఉత్తరార్కాటు చేరింది. ఆ నెలాఖరుకే, యుద్ధం విషయంలో, మంత్రివర్గం రాజీనామా చేసింది. కాబట్టి మన జిల్లావాళ్ళు రాజాజీ నిషేధాన్ని రాజాజీ చేతి కింద చూసింది నెలరోజులే. పోయిన రాబడి పూడ్చుకోవడానికి ఆయన 1939లోనే సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చాడు. దేశంలో అన్ని సరుకుల మీదా అమ్మకం పన్ను వేసిన మొదటి చట్టం అదే. బి.కాం.లో ఆ చట్టం చదివి మార్కులు తెచ్చుకున్నాను గాని, దాని తల్లి వేరు తాటిచెట్టు మొదట్లో ఉందని మా మేష్టారు చెప్పలేదు. కల్లు తాగేవాడి జేబులోంచి వచ్చే డబ్బు, ఉప్పూ పప్పూ కొనే ఇల్లాలి కొంగులోంచి రావడం మొదలయింది.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. యుద్ధకాలంలో నిషేధం సడలింది, 1948లో రాష్ట్రమంతటా వచ్చింది, 1971లో ఎత్తేశారు, 1974లో మళ్ళీ పెట్టారు, 1981లో మళ్ళీ తెరిచారు. 2003 నుంచి చిల్లర అంగళ్ళు సర్కారు సంస్థే నడుపుతోంది. విచిత్రమేమిటంటే, మద్యం మానిపించడానికి పుట్టిన అమ్మకం పన్ను 2017లో జి.ఎస్.టి.లో కలిసిపోయింది, తాగే మద్యం మాత్రం జి.ఎస్.టి. బయటే ఉంది. నేను కల్లు తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించడానికి ఎందుకు లేచారో నాకు తెలుసు. జీతం రోజున మా కౌంటరు దగ్గర భర్త వెనకే నిలబడే భార్యల ముఖాలు నేను ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను. అయినా, సీసా మందు అంగడికి దీపాలు పెట్టి, ముంతకు మాత్రం సంకెళ్ళు వేయడం ఏ ధర్మమో ఆ ముసలాయనకు నేను చెప్పలేకపోయాను. టీ డబ్బులు ఆయనే ఇస్తానన్నాడు. మేనల్లుడు ఇవ్వనివ్వలేదు.

పళ్ళికొండలో రంగనాథస్వామిని చూసుకుని విరించిపురం చేరాం. పాలారు ఒడ్డున మార్గబంధు ఆలయం. దారిలో తోడుండే దేవుడు. దారి మీది లోయకు ఇంతకన్నా తగిన దేవుడు ఎవరు? ఈ స్వామి మీద స్తోత్రం రాసిన అప్పయ్య దీక్షితులు ఆరణి దగ్గరి అడయపాలం మనిషి, పదహారో శతాబ్దపు మహాపండితుడు. ఆయన్ని పోషించినవాడే వేలూరు చిన్న బొమ్మ నాయకుడు. దీక్షితులు శివార్కమణిదీపిక రాస్తే బొమ్మ నాయకుడు ఆయనకు కనకాభిషేకం చేశాడనీ, ఆ గ్రంథం ఐదువందలమంది పండితులకు చెప్పించాడనీ అడయపాలం గుడిలోని 1582 నాటి శాసనం చెబుతోంది. ఫ్రాన్స్వా రాజుకు లియొనార్డో ఎట్లాగో మన బొమ్మ నాయకుడికి దీక్షితులు అట్లాగ అన్నాను. మేనల్లుడు మొదటిసారి ఫోను తీసి, ఊరికే ఫొటో తీయకుండా, ఆ పేరు తమిళంలో రాసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక వేలూరు కోట చేరాం. కోట వాకిలి ఎదుట నిలబడి చుట్టూ వినండి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వచ్చిన తెలుగువాళ్ళు, నెల్లూరు యాసా కడప యాసా కలిసి వినిపిస్తాయి. లాడ్జీల పలకల మీద తెలుగు అక్షరాలు. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. రాయలు పోయాక తెలుగును ఈ ఊరికి మళ్ళీ తెచ్చింది జబ్బులే అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

కోట పుట్టుక గురించి మావైపు పెద్దలు చెప్పే కథ ఒకటుంది. భద్రాచలం నుంచి బొమ్మిరెడ్డి, తిమ్మారెడ్డి అని అన్నదమ్ములు పశువులు తోలుకుని వచ్చారట. ఐదు పొదుగు మొనల ఆవు ఒకటి పుట్ట మీద పాలు కురిపిస్తుంటే చూసి, అక్కడ శివుణ్ణి కనుగొని గుడీ కోటా కట్టారట. కథలో పాలు ఉన్నాయి, పాలారుంది, తెలుగుదేశం నుంచి వలస ఉంది. చరిత్రకారులు చెప్పేది ఇంకొంచెం పొడిగా ఉంటుంది. విజయనగర చక్రవర్తి సదాశివరాయలి కాలంలో, ఆయన కింది నాయకులైన చిన్న బొమ్మ నాయకుడు, తిమ్మ నాయకుడు పదహారో శతాబ్దంలో కోటను కట్టించారు. 1565 జనవరిలో రాక్షస తంగడి యుద్ధంలో విజయనగరం కూలింది. మరుసటి ఏడు, 1566లో, వేలూరు చుట్టుపక్కల ఊళ్ళను బొమ్మ నాయకుడి విన్నపం మీద ఇక్కడి శివుడికి దానమిచ్చిన శాసనాలున్నాయి. రాజధాని మంటల్లో ఉండగా ఇక్కడ గుడికి మాన్యాలు రాస్తున్నారన్నమాట. ఆ శాసనాల్లో దేవుడి పేరు జ్వరఖండేశ్వరుడు, జ్వరాన్ని ఖండించేవాడు. నోళ్ళలో నలిగి జలకంఠేశ్వరుడయ్యాడు. ఆసుపత్రి ఊరికి పాత పేరే బాగుండేది.

కోట 133 ఎకరాలు. చుట్టూ నీళ్ళ కందకం. ఆ నీళ్ళు సూర్యగుంట అనే చెరువు నుంచి నేల కింది తూము గుండా వచ్చేవి. గుంట అన్నది మన మాటే చూడండి. “ఇంత రాయి ఎవరు మోసినారు మామా?” అన్నాడు మేనల్లుడు, గోడ మీద చెయ్యి ఆనించి. సున్నం లేకుండా పేర్చిన దిమ్మలు. సందుల్లో గోరు దూరదు. శాసనాల్లో దానమిచ్చినవాడి పేరుంది, పుచ్చుకున్న దేవుడి పేరుంది. మోసినవాళ్ళ పద్దు లేదు. ఆ దానమిచ్చిన ఊళ్ళ రైతుల పన్నే ఈ గుడి రాబడి అని మాత్రం చెప్పగలిగాను.

కల్యాణమండపం లోపలికి వెళ్ళాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. గుర్రాల మీద, యాళుల మీద లేచిన స్తంభాలు, పైకప్పులో తలకిందులుగా వేలాడే చిలకలు. కంపెనీ దొరలు ఈ మండపాన్ని ఊడదీసి ఇంగ్లండుకు తీసుకుపోదామనుకున్నారనీ, ఓడ రాలేదు కాబట్టి మిగిలిందనీ ఒక ముచ్చట ఉంది. లింగం లేని గుడిగా, ఆయుధాల కొట్టుగా చాలాకాలం పడివుండి, 1981 మార్చిలో సత్తువాచ్చారి నుంచి లింగాన్ని తెచ్చి మళ్ళీ ప్రతిష్ఠించారు. నాకు అప్పటి సందడి చూచాయగా గుర్తుంది. మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని వచ్చి, జనంలో నిలబడి ఏడ్చింది.

“ఐతే ఇదంతా మనవాళ్ళు కట్టిందే” అన్నాడు మేనల్లుడు. గొంతులో కొత్త ఉత్సాహం. ఇక్కడే నాకు ఇబ్బంది వచ్చింది. జమ ఒక్కటే రాసి ఖర్చు దాచే పుస్తకం మీద నేను ఇన్నేళ్ళుగా సంతకం చేయలేదు. కాబట్టి గుడి మెట్ల మీద కూర్చోబెట్టి మిగతా పద్దు కూడా చెప్పాను.

బొమ్మ నాయకుడి కొడుకు లింగమ నాయకుడు చక్రవర్తికి తల వంచలేదు. చంద్రగిరి నుంచి ఏలుతున్న వేంకటపతిరాయలు సైన్యం పంపి, 1604 ప్రాంతంలో కోట పట్టుకుని, కొన్నాళ్ళకు దీన్నే రాజధాని చేసుకున్నాడు. వేలూరు రాయవేలూరయింది అప్పుడు. తెలుగు నాయకుడు కట్టిన కోటను తెలుగు రాయలు లాక్కుంటే వచ్చిన పేరు అది. రాయలి కొలువుకు జెసూట్ పాదిరీలు వచ్చేవాళ్ళు. వాళ్ళతో చిత్రకారుడూ వచ్చాడు. 1614లో వేంకటపతిరాయలు కన్నుమూస్తూ తన అన్నకొడుకు శ్రీరంగరాయలికి రాజ్యం అప్పగించాడు. రాణి పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయడు అది ఒప్పుకోలేదు. రాణికి పుట్టినట్టు చూపించిన ఒక పిల్లవాణ్ణి ముందుపెట్టి, శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా కోటలో బంధించాడు. వెలుగోటి యాచమ నాయకుడు ఒక్కడే ఎదురు నిలిచాడు. ఆయన ఒక చాకలివాడి సాయంతో, మాసిన బట్టల మూటలో, రాయలి కొడుకుల్లో ఒక చిన్నవాణ్ణి కాపలా దాటించాడు. ఆ మీదట జగ్గరాయడు రాయల్ని, రాణిని, మిగిలిన పిల్లల్ని చంపించాడు. ఈ వివరమంతా బర్రదాస్ అనే పోర్చుగీసు పాదిరీ 1616 డిసెంబరులో రాసిన ఉత్తరంలో ఉంది. తర్వాత కావేరి ఒడ్డున తోపూరు యుద్ధంలో జగ్గరాయడు చచ్చాడు. మూటలో బయటపడ్డ పిల్లవాడు, తంజావూరు రఘునాథ నాయకుడి అండతో, రామదేవరాయలుగా పట్టమెక్కాడు.

కట్టినవాడు తెలుగువాడు, లాక్కున్నవాడు తెలుగువాడు, చంపినవాడు తెలుగువాడు, కాపాడినవాడూ తెలుగువాడే. వెలుగోటివారి వంశావళి మన భాషలోనే ఉంది. 1939లో నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం వేసింది. అందులో యాచమ నాయకుడి కీర్తికి కొదవ లేదు. మూట మోసినవాడి సంగతి మాత్రం ఎంత వెతికినా ‘ఒక చాకలివాడు’ దగ్గరే ఆగిపోతుంది. దొరికిపోతే మొదట తెగే తల అతనిదే. రాణికి తెలిసినంత బాగా అతనికీ అది తెలిసే ఉంటుంది.

మేనల్లుడు కాసేపు చూసి, “ఐతే ‘మనవాళ్ళు’ అంటే ఎవరు మామా?” అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మూట మోసినవాడి పక్కన నిలబడటానికి నేను ఏం చేశానని?

ఆ తర్వాత చరిత్ర గబగబా చెప్పేశాను. మనవాళ్ళు కొట్టుకుని అలిసిపోయాక బీజాపూరువాళ్ళు వచ్చారు. 1678లో, పద్నాలుగు నెలల ముట్టడి తర్వాత, మరాఠాలు తీసుకున్నారు. ఎదురుగా కొండల మీద కనిపించే బురుజులు వాళ్ళ గుర్తులే. తర్వాత మొగలులు, నవాబులు, 1760లో ఇంగ్లీషువాళ్ళు. 1806 జూలై 10 తెల్లవారుజామున ఈ కోటలోనే, తోలు ముక్క కుట్టిన కొత్త తలపాగాలూ, నుదుటి బొట్టు చెరుపుకోమన్న ఆజ్ఞలూ సహించలేక సిపాయిలు తిరగబడి, టిప్పు జెండా ఎగరేశారు. 1857కు యాభైయొక్క ఏళ్ళ ముందు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి ఆ పూటే అణిచేశాడు. చచ్చినవాళ్ళు వందల్లో ఉన్నారు. టిప్పు కుటుంబాన్ని ఇక్కడి నుంచి కలకత్తాకు తరలించారు.

పొద్దు వాలుతుండగా చివరికి పాలారు ఒడ్డున ముత్తు మంటపం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆసుపత్రికి వచ్చే మన తెలుగువాళ్ళలో ఇక్కడికి వచ్చేవాళ్ళు తక్కువ. సింహళంలో కండి రాజ్యపు ఆఖరి రాజు శ్రీవిక్రమరాజసింహుడి సమాధి ఇది. కండి రాజుకు మదురై నుంచి పెళ్ళికూతుర్ని తెచ్చుకునే ఆనవాయితీ ఉండేది. వారసుడు లేనప్పుడు 1739లో ఆ రాణి తమ్ముడికే పట్టం కట్టారు. అట్లా మదురై నాయకుల చుట్టరికం, మూలం చూస్తే మన తెలుగు నాయకుల చుట్టరికం, కండిని డెబ్బైయారేళ్ళు ఏలింది. అసలు పేరు కన్నసామి. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, 1816లో వేలూరు కోటలో పెట్టారు. 1832 జనవరి 30న పోయేదాకా ఇక్కడే. తెలుగు నాయకుడు కట్టిన కోటలో, తెలుగు మూలాల రాజు పదహారేళ్ళు బందీ. ఆయనకు తెలుగు ఎంత వచ్చేదో ఎవరు చెప్పగలరు? మా మేనల్లుడి పిల్లకు వచ్చినంతేమో.

ఏట్లో నీళ్ళు లేవు. ఇసుక తవ్విన గుంటలు, తుమ్మ చెట్లు, అక్కడక్కడ తోళ్ళ కార్ఖానాల రంగు పారిన మరకలు. ఈ నది గురించే, వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో, 1996లో సుప్రీంకోర్టు పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలని తీర్పు చెప్పింది. దేశమంతా ఉదహరించే తీర్పు అది. 2021 నవంబరులో మోర్ధానా పొంగి, పాలారు ఒడ్డు నుంచి ఒడ్డుకు పారినప్పుడు నేను గుడియాత్తం వంతెన మీద నిలబడి చూశాను. జనం భయపడుతూనే, దండం పెడుతూ, రవికల్లోంచి పసుపు పొట్లాలు తీసి నీళ్ళలో వేశారు. ఆ మాట చెబితే మేనల్లుడు ఇసుక వైపు చూస్తూ, “ల్వార్‌లో కూడా వేసవిలో ఇసుక తిన్నెలే మామా, వాళ్ళు వాటిని కూడా చూపించి టిక్కెట్టు పెడతారు” అని నవ్వాడు.

కారెక్కేముందు వాడు కోట ఫొటో ఒకటి తీసి, తన కూతురికి పంపాలని ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. తెలుగు మాట్లాడతాడు గాని రాయడం రాదు. మేమే తమిళంలో చదివించాం. “మామా, అవ్వ ఏమనేది, రాయేలూరా? దాన్ని మన అక్షరాల్లో ఎట్ల రాయాల? రాయికి రాసే ‘రా’నేనా?” అన్నాడు.

జేబులో ఒక బ్యాంకు చలాను ఉంది. దాని వెనకవైపు కారు బానెట్ మీద పెట్టి, పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ‘రా’ అదే, ఆ పక్కన ‘యి’ కాదు, ‘య’ అని చెప్పాను. వాడు ఆ చలానును కూడా ఫొటో తీశాడు.